డ్రైవరు సంతోషంగా గాయపడలేదు

కొన్నేళ్ల క్రితం ఒక పత్రికకు అనువాదాలు చేస్తున్న రోజుల్లో, బస్సు ప్రమాదం గురించిన ఒక చిన్న ఇంగ్లీషు వార్త నా చేతికి వచ్చింది. దాని చివరి వాక్యం "హ్యాపిలీ, ది డ్రైవర్ వాజ్ నాట్ హర్ట్" అని ఉంది. పొద్దుపోయింది, కళ్లు మూతలు పడుతున్నాయి, అచ్చుకు వేళ మించిపోతోంది. "డ్రైవరు సంతోషంగా గాయపడలేదు" అని రాసి పంపించేశాను. మర్నాడు నా ముందుకు వచ్చిన ప్రూఫు కాగితంలో "సంతోషంగా" చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉంది. పక్కనే "అయితే ఏడుస్తూ గాయపడ్డాడా?" అని మా సంపాదకుడి చేతిరాత.

ఆ సిగ్గు నన్ను చాలాకాలం వదలలేదు కానీ, ఇంగ్లీషు వాక్యంలో కర్తకూ క్రియకూ ముందు వచ్చి కూర్చునే క్రియావిశేషణాల మీద నాకు ఆసక్తి కలిగించింది కూడా ఆ ఎర్ర సున్నాయే. బడిలో మనకు నేర్పిన సూత్రం చాలా తేలికైనది: ఇంగ్లీషు మాట చివర "లీ" ఉంటే తెలుగు మాట చివర "గా" పెట్టాలి. స్లోలీ అంటే నెమ్మదిగా, క్లియర్లీ అంటే స్పష్టంగా, హ్యాపిలీ అంటే సంతోషంగా. ఆ మాట క్రియను అంటిపెట్టుకుని ఉన్నంతవరకు ఈ సూత్రం చక్కగానే పనిచేస్తుంది. వాక్యం మొదటికి వచ్చాక మాత్రం అది చాలాసార్లు క్రియ గురించి చెప్పడం మానేసి, జరిగిన సంగతి మొత్తం గురించి చెప్పేవాడు ఏమనుకుంటున్నాడో చెబుతుంది. "హి స్పోక్ ఫ్రాంక్లీ" అంటే అతను దాపరికం లేకుండా మాట్లాడాడని అర్థం. "ఫ్రాంక్లీ, హి స్పోక్ టూ మచ్" అన్నప్పుడు దాపరికం లేనిది అతనికి కాదు, ఈ మాట అంటున్న నాకు.

స్థానం మారితే అర్థం ఎంత దూరం పోతుందో చూడడానికి నేను తరచూ చెప్పే జంట ఒకటి ఉంది. "హ్యాపిలీ, హి డిడ్ నాట్ డై" అంటే మనిషి బతికాడు, మనకు సంతోషం. "హి డిడ్ నాట్ డై హ్యాపిలీ" అంటే మనిషి పోయాడు, పోతూ సుఖపడలేదు. మాటలు అవే అయిదు, ఒకటి అటు నుంచి ఇటు జరిగింది, అంతే. అయితే మొదటికి వచ్చిన ప్రతి మాటా ఇలా మారిపోతుందని అనుకోకూడదు. "స్లోలీ, షి ఓపెన్డ్ ది డోర్" అన్నప్పుడు నెమ్మది తలుపు తీయడంలోనే ఉంది, ఎందుకంటే నెమ్మది అనేది ఒకరి అభిప్రాయం కాజాలదు.

కాలం చెప్పే మాటల దగ్గర మనకు పెద్ద ఇబ్బంది లేదు. "నిన్న నేను ఊరెళ్లాను" అన్నట్టే "యెస్టర్డే ఐ వెంట్" అనవచ్చు. "నేను నిన్న వెళ్లాను" అనే వరుసను యథాతథంగా దించి "ఐ యెస్టర్డే వెంట్" అన్నప్పుడే చిక్కు. ఆల్వేస్, నెవర్, ఆఫెన్ వంటి మాటలు కర్తకూ క్రియకూ మధ్య హాయిగా ఇముడుతాయి కానీ యెస్టర్డేకు అక్కడ చోటు లేదు.

అసలు కష్టం నిషేధార్థం ఉన్న మాటలతో వస్తుంది. నెవర్, సెల్డమ్, హార్డ్లీ, నో సూనర్ వంటివి వాక్యం ముందుకు వస్తే సహాయక క్రియ కూడా కర్తను దాటుకుని ముందుకు రావాలి: "నెవర్ హావ్ ఐ సీన్ సచ్ ఎ క్రౌడ్." "నెవర్ ఐ హావ్ సీన్" అని మనవాళ్లు అనడం నేను లెక్కలేనన్నిసార్లు విన్నాను, నేనూ అన్నాను. "వై యు ఆర్ లేట్?" అనే తప్పు కూడా ఇదే చెట్టు కాయ అని నా నమ్మకం. తెలుగులో ప్రశ్న వేయడానికి ఏ మాటనూ కదపనక్కరలేదు, "వచ్చాడు" చివర "ఆ" చేరిస్తే "వచ్చాడా" అవుతుంది. క్రియను కర్తకు ముందుకు తెచ్చి వాక్యానికి కొత్త పని అప్పగించడం మన వ్యాకరణానికి అలవాటు లేదు. పదో తరగతిలో "యాజ్ సూన్ యాజ్" వాక్యాన్ని "నో సూనర్ డిడ్" వాక్యంగా మార్చే ప్రశ్నను మనలో చాలామంది బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే. ఆ "డిడ్" అక్కడికి ఎందుకు వచ్చిందని అడిగిన జ్ఞాపకం మాత్రం నాకు లేదు.

ఎందుకు వచ్చిందంటే, అది పాత ఇంటి గోడలో మిగిలిపోయిన ఒక రాయి. వెయ్యేళ్ల నాటి ఇంగ్లీషులో వాక్యం "అప్పుడు" అనే మాటతో మొదలైతే సాధారణంగా వెంటనే క్రియ వచ్చేది, కర్త దాని తరవాత వచ్చేది. జర్మన్ ఈనాటికీ ఆ పద్ధతిని వదలలేదు. "ఈరోజు నేను వెళ్తున్నాను" అనడానికి "హొయ్‌టె గేహె ఇష్" అంటారు, అంటే "ఈరోజు వెళ్తున్నాను నేను". ఇంగ్లీషు ఆ పద్ధతిని చాలావరకు వదిలేసి, నిషేధార్థకాల దగ్గరా, "ఓన్లీ" వంటి పరిమితి మాటల దగ్గరా, "హియర్ కమ్స్ ది బస్" వంటి పలుకుబళ్లలోనూ నిలుపుకుంది. ఈ చివరిదానిలో ఒక తమాషా ఉంది: బస్సు పేరు చెబితే క్రియ ముందుకు వస్తుంది, సర్వనామం వాడితే రాదు, "హియర్ ఇట్ కమ్స్" అనే అనాలి.

ఈ క్రమం ఊరికే అలంకారం కాదు. "ఇన్ నో టైమ్ హి లెఫ్ట్" అంటే క్షణంలో వెళ్లిపోయాడు. "ఎట్ నో టైమ్ డిడ్ హి లీవ్" అంటే ఒక్క క్షణం కూడా అక్కడి నుంచి కదలలేదు. రెండింటిలోనూ "నో టైమ్" ఉంది. కానీ రెండోదానిలో ఆ "నో" వాక్యం మొత్తాన్ని కాదంటోంది, అలా కాదంటున్నదని చెప్పడానికే "డిడ్" ముందుకు వచ్చింది.

ఈ విషయంలో ఇంగ్లీషు వాళ్లు కూడా తమలో తాము పోట్లాడుకున్నారు. "హోప్‌ఫులీ, హి విల్ కమ్" అనే వాడుక 1960లలో బాగా ప్రచారంలోకి వచ్చినప్పుడు, వచ్చేవాడు ఆశతో వస్తాడనే అర్థం వస్తుందని పండితులు మండిపడ్డారు. ఫ్రాంక్లీని, హ్యాపిలీని ఏమీ అనకుండా దీని ఒక్కదాని మీదే పడడం నాకైతే అన్యాయంగానే తోస్తుంది. అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ తన స్టైల్‌బుక్‌లో, అంటే విలేకరులు పాటించవలసిన భాషా నియమాల పుస్తకంలో, ఈ వాడుకను 2012లో గానీ ఒప్పుకోలేదు.

తెలుగులో ఈ భారాన్ని స్థానం కాదు, మాట మోస్తుంది. "పాపం, అతను రాలేకపోయాడు", "అతను పాపం రాలేకపోయాడు", "అతను రాలేకపోయాడు పాపం": ఎక్కడ పెట్టినా జాలి చెప్పేవాడిదే. అందుకే వాక్యం మొదట శాడ్లీ కనిపిస్తే ఇప్పుడు నేను "విచారంగా" వైపు పోకుండా "పాపం" అని రాసుకుంటాను. ఆ బస్సు వార్త ఇవాళ మళ్లీ చేతికి వస్తే "అదృష్టం బాగుండి డ్రైవరుకు దెబ్బలు తగలలేదు" అని రాస్తాను. హోప్‌ఫులీకి మాత్రం ఇంత సులువైన మాట నాకు దొరకలేదు. "ఆశాజనకంగా అతను వస్తాడు" అని రాసిన వాక్యాలు దిద్దవలసి వచ్చినప్పుడల్లా మా సంపాదకుడి ఎర్ర సిరా గుర్తుకు వస్తుంది, "అతను వస్తాడని ఆశిద్దాం" అని మారుస్తాను. ఇంగ్లీషు వాక్యానికి తలుపు తీసిన మాట తెలుగులో క్రియగా మారి చివరికి పోయి కూర్చుంటుంది.