ఎంపీకి మెయిల్ రాసేటప్పుడు

ఎక్స్‌లో ట్యాగ్ చేసిన ఫిర్యాదు మర్నాటికే కిందికి జారిపోతుంది. మెయిలే నయం. పార్లమెంటు సైట్ సంసద్ డాట్ ఇన్ (sansad.in)లో మీ లోక్‌సభ సభ్యుల పేజీ తెరిస్తే చిరునామా ఉంటుంది. సబ్జెక్ట్‌లోనే మీ మండలం, సమస్య రాయండి. తమ ఓటరో కాదో తేలని మెయిల్‌ని ఆఫీసువాళ్లు పక్కన పెట్టేస్తారు. మురుగుకాలువల సంగతైతే మున్సిపాలిటీకే రాయాలి.

అన్నిటికన్నా పనికొచ్చేది, సమస్యని సభలో అడగదగ్గ ప్రశ్నగా మలిచి పంపడం: ఏ శాఖ, ఏ పథకం, ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది. ప్రశ్న అడగడానికి ఎంపీ కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి కాబట్టి సమావేశాలకి ముందే పంపండి. రోజుకి 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలే నోటి జవాబుకి వస్తాయి. గుర్తు లేనివి 230 దాకా ఉంటాయి, వాటికి రాతపూర్వక జవాబు. నన్నడిగితే మనకి కావలసింది ఇదే. మంత్రిత్వ శాఖ ఇచ్చిన అంకెలు అదే సైట్‌లో ఎవరైనా చూడొచ్చు.