ట్రైలర్ కప్పు మీద వెంట్ మార్చడం: ఫ్యాన్ కొనడం తేలిక, నీళ్ళు దిగకుండా బిగించడమే పని

ట్రావెల్ ట్రైలర్ (బండి వెనక తగిలించి లాక్కెళ్ళే చక్రాల ఇల్లు) కొన్న మనవాళ్ళు ఎవరు ఫోన్ చేసినా ముందు అడిగేది సోలార్ గురించి, లిథియం బ్యాటరీ గురించి. నేను మాత్రం ముందు నిచ్చెన వేసుకుని కప్పు మీది వెంట్ (గాలి కోసం పెట్టే కిటికీ లాంటిది) మూతల్ని ఒకసారి చూసి రమ్మంటాను. కంపెనీ నుంచి వచ్చే తెల్ల పాలీప్రొపిలీన్ మూతలు టెక్సస్ ఎండకి కొన్నేళ్ళకే పెళుసెక్కిపోతాయి. కింద నుంచి చూస్తే బాగానే ఉన్నట్టుంటాయి, కానీ మూల దగ్గర బొటనవేలితో కాస్త నొక్కితే పటుక్కుమని పెచ్చు ఊడి చేతిలోకి వస్తుంది. డాలస్ చుట్టుపక్కల ఉండేవాళ్ళకి వడగళ్ళ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు, ఒక్క గడ్డ సరిగ్గా పడితే చాలు. మూత పగిలి నీళ్ళు మంచం మీద పడితే అదృష్టం, వెంటనే తెలుస్తుంది. వెంట్ అంచు కింద నుంచి దిగే నీరే ప్రమాదం, అది ప్లైవుడ్ తాగేసి, గోడలోకి పాకి, బయటి ఫైబర్‌గ్లాస్ ఉబ్బేదాకా ఎవరికీ తెలియదు.

మూత ఒక్కటే పోయి, దాని కింద ఫ్రేమ్ గట్టిగా ఉంటే మొత్తం మార్చక్కర్లేదు. కొత్త మూత 30 డాలర్లకి అటూ ఇటూగా వస్తుంది, సీలెంట్ (నీళ్ళు దిగకుండా అంచుల మీద పూసేది) ముట్టుకోకుండా అరగంటలో అయిపోతుంది. చూసుకోవాల్సింది హింజ్ (మూత తిరిగే కీలు) ఒక్కటే. జెన్సెన్, ఎలిక్సర్, వెంట్‌లైన్ అని రకాలున్నాయి, ఒకదాని మూత ఇంకోదానికి పట్టదు, అన్నీ 14 అంగుళాలే కదా అని ఆర్డర్ పెట్టేయకండి. పైకెక్కినప్పుడే హింజ్ దగ్గర నుంచి ఫోటో తీసుకుని, అది చూసి కొనండి.

ఫ్యాన్ సంగతి వేరు. బాత్రూమ్‌లో వచ్చే ఆ ఆరంగుళాల చిన్న ఫ్యాన్ చేసే చప్పుడు ఎక్కువ, లాగే గాలి తక్కువ. దాని స్థానంలో 12 అంగుళాల రెక్కల ఫ్యాన్ పెడితే ట్రైలర్ స్వభావమే మారిపోతుంది, ముఖ్యంగా మన వంట వండేవాళ్ళకి. ట్రైలర్‌లో ఎండుమిరపకాయల పోపు పెట్టి చూడండి, రెండో క్షణంలో అందరూ దగ్గుతూ బయటికి పరుగు తీస్తారు, పైగా స్మోక్ అలారం మొదలవుతుంది. స్టవ్ మీదుండే హుడ్ దీనికి ఏమాత్రం చాలదు. అదే మాక్స్‌ఫ్యాన్ లాంటిది పైన తిరుగుతూ, అవతలి చివర కిటికీ ఒకటి తీసి ఉంటే, ఘాటు మంచాల వైపు వెళ్ళకముందే పైకి పోతుంది. ఇలాంటి ఫ్యాన్లు ఫుల్ స్పీడ్‌లో నిమిషానికి 900 ఘనపుటడుగుల గాలి లాగుతాయని కంపెనీలే చెప్తాయి, మామూలు ట్రైలర్‌లో గాలంతా ఒకటి రెండు నిమిషాల్లో మారిపోయే లెక్క అది. తక్కువ స్పీడ్‌లో అర ఆంపియర్ కూడా తాగదు కాబట్టి, కరెంటు కనెక్షన్ లేని క్యాంప్‌గ్రౌండ్‌లో రాత్రంతా తిప్పినా బ్యాటరీ గురించి టెన్షన్ అక్కర్లేదు. మాక్స్‌ఫ్యాన్ డీలక్స్‌కి మూతలోనే వాన కప్పు ఉంటుంది, వాన పడుతున్నా ఆపక్కర్లేదు. ఫ్యాంటాస్టిక్ ఫ్యాన్‌లో వాన చుక్క పడగానే మూత దానంతట అదే మూసుకునే మోడల్ ఉంది, కానీ వానలో వండుకునేటప్పుడే కదా ఫ్యాన్ కావాల్సింది, అందుకే నా ఓటు మొదటి దానికే. ఖర్చు మోడల్‌ని బట్టి 300 డాలర్ల దగ్గర్లో ఉంటుంది. కొనే ముందు ఏసీ, సోలార్ ప్యానెల్ ఎంత దూరంలో ఉన్నాయో టేపు పెట్టి కొలవండి, మూత తెరుచుకున్నప్పుడు వెనక్కి బాగా జరుగుతుంది.

ఇక అసలు పని. కప్పు నడవడానికి చేసిందో కాదో ముందు తెలుసుకోండి, వెనకాల కంపెనీ నిచ్చెన లేకపోతే అనుమానించాల్సిందే, బరువు ఒకచోట పడకుండా ప్లైవుడ్ ముక్క వేసుకుని దాని మీద మోకాళ్ళేయండి. పాత సీలెంట్‌ని ప్లాస్టిక్ పుట్టీ కత్తితోనే తీయాలి. ఇనప కత్తి ఒక్కసారి జారిందంటే కప్పు మీద పరిచిన రబ్బరు పొరకి చీలిక పడుతుంది, అప్పుడు ఒక లీకు మానిపి ఇంకోటి పెట్టినట్టే. ఎండ బాగా కాసే మధ్యాహ్నం అయితే సీలెంట్ మెత్తబడి పొరలుగా లేస్తుంది, చలిలో అయితే హీట్ గన్ తక్కువ వేడిలో దూరంగా పట్టుకోవాలి. స్క్రూలు తీసి ఫ్రేమ్ లేపితే కింద పాత బ్యుటైల్ టేపు (జిగురుగా ఉండే మెత్తటి రబ్బరు పట్టీ) తీగపాకంలా సాగుతూ వస్తుంది, దాన్ని చేత్తో ఉండ చేస్తూ అద్దితే మిగిలిన ముక్కలు దానికే అంటుకొచ్చేస్తాయి.

నా ట్రైలర్‌కి పాత యజమాని వెంట్ చుట్టూ మామూలు బాత్రూమ్ సిలికాన్ పూసి పెట్టాడు. సిలికాన్ రబ్బరు కప్పుకి సరిగ్గా అంటుకోదు, దాని మీద ఇంకేదీ అంటుకోదు. ఆ జిడ్డు పొరంతా గీకి తీయడానికే ఒక పూట పోయింది. తుడవడానికి పెట్రోల్, మినరల్ స్పిరిట్స్ లాంటివి దగ్గరికి రానీయకండి, కప్పు మీదుండే ఈపీడీఎమ్ రబ్బరు వాటికి ఉబ్బిపోతుంది. సబ్బునీళ్ళతో కడిగి, ఆరాక ఆల్కహాల్‌తో తుడిస్తే సరిపోతుంది.

రంధ్రం తెరిచి ఉన్నప్పుడే చుట్టూ చెక్కని స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. మొన దిగబడితే చెక్క పుచ్చినట్టే, ఆ ముక్క మార్చకుండా కొత్త ఫ్యాన్ పెడితే స్క్రూలకి పట్టుండదు.

బ్యుటైల్ టేపు ఫ్రేమ్ అంచు కింద అంటించాలి, నాలుగు మూలల్లో ఎక్కడా సందు లేకుండా. హింజ్ వైపు బండి ముందుకి ఉండాలి, లేకపోతే దారిలో గాలి మూతలోకి దూరి లేపేస్తుంది. స్క్రూలు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగిస్తూ రండి, ఒకేసారి బలంగా తిప్పితే ప్లాస్టిక్ పగులుతుంది. అన్నీ బిగించాక కాసేపు ఆగి, టీ తాగి వచ్చి మళ్ళీ బిగిస్తే ఇంకాస్త తిరుగుతాయి, ఈలోగా బ్యుటైల్ నొక్కుకుని పక్కలకి వచ్చి ఉంటుంది. బయటికి పొంగింది కోసేసి, ఆ పైన డైకోర్ సెల్ఫ్ లెవలింగ్ సీలెంట్ అంచు చుట్టూ, ప్రతి స్క్రూ తల మీదా ధారాళంగా పోయండి. అది దానంతట అదే పరుచుకుంటుంది, వేలు పెట్టి నున్నగా చేయాలని చూడొద్దు. డైకోర్‌లోనూ ఈపీడీఎమ్‌కి ఏది, టీపీఓకి (ఇంకో రకం కప్పు పొర) ఏది అనేది ట్యూబ్ మీద చదివే కొనండి. కొందరు వెంట్ చుట్టూ ఎటర్నాబాండ్ అనే గట్టిగా అంటుకునే టేపు వేస్తారు. నాకు అది ఇష్టం లేదు, చిరుగులకి అద్భుతమే గానీ, రేపు వెంట్ మార్చాల్సి వస్తే దాన్ని ఊడదీయడం నరకం.

వైరింగ్‌లో ఒక్క మాట. కార్ల పని తెలిసినవాళ్ళు నల్ల వైరు గ్రౌండ్ అనుకుంటారు, కానీ చాలా ట్రైలర్లలో 12 వోల్టుల లైన్‌కి నల్లది ప్లస్, తెల్లది మైనస్. మల్టీమీటర్ పెట్టి చూశాకే కలపండి. బ్యాటరీ తీసేస్తే చాలదు, షోర్ పవర్ ప్లగ్ (బయటి నుంచి కరెంటు తెచ్చేది) కూడా పీకాలి, లేకపోతే ఆ కరెంటుని 12 వోల్టులకి మార్చే కన్వర్టర్ నుంచి కరెంటు వస్తూనే ఉంటుంది. ఫ్యాన్ లేని ఉత్త వెంట్ అయితే దగ్గర్లోని సీలింగ్ లైట్ నుంచి వైరు లాగొచ్చు, కాకపోతే స్విచ్‌కి ముందు నుంచి తీసుకోవాలి, ఆ ఫ్యూజ్ ఈ లోడు కూడా మోయగలదో లేదో చూసుకోవాలి.

బలమైన ఫ్యాన్ పెట్టాక ఇంట్లో అందరికీ రెండు అలవాట్లు చేయించండి. కిటికీలన్నీ మూసి ఫ్యాన్ ఎప్పుడూ వేయకూడదు, గాలికి దారి లేకపోతే అది హీటర్ పొగగొట్టాల నుంచి కూడా లాగుతుంది, ప్రొపేన్ వెలుగుతున్నప్పుడు అది ప్రాణాల మీదికి వచ్చే విషయం. కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తుందో లేదో ప్రతి ట్రిప్‌కి ముందూ బటన్ నొక్కి చూడండి. రెండోది, టాయిలెట్ ఫ్లష్ చేసే ముందు ఫ్యాన్ ఆపాలి, లేకపోతే ట్యాంకులో వాసనంతా లోపలికి తెస్తుంది.

సీలెంట్‌ని ఏడాదికి రెండు సార్లైనా పైకెక్కి చూసుకుంటే చాలు, చలికాలం ముందొకసారి, వడగళ్ళ సీజన్ అయ్యాక ఒకసారి. వెంట్రుకంత పగులు కనిపిస్తే శుభ్రంగా తుడిచి దాని మీదే కొత్తది పోయొచ్చు, మొత్తం పీకక్కర్లేదు. షవర్ మీదుండే స్కైలైట్‌కి కూడా పద్ధతి ఇదే, కాకపోతే అది సన్నటి ప్లాస్టిక్ కాబట్టి స్క్రూల దగ్గర ఇంకా నెమ్మదిగా వెళ్ళాలి. మా దాని మూలల్లో సన్నగా గీతలు మొదలయ్యాయి, వచ్చే వానలకి ముందే దాని పని పట్టాలి.