కిలిమంజారో ఉంబ్వే దారి: స్టెల్లా పాయింట్ దాకా నా అనుభవం

కిలిమంజారో ఎక్కడానికి ఉన్న దారుల్లో ఉంబ్వే అన్నిటికంటే నిటారుగా ఉంటుందని, కొత్తవాళ్లకు దాన్ని ఎవరూ సిఫారసు చేయరని బయల్దేరే ముందే నాకు తెలుసు. తెలిసే దాన్ని కోరి ఎంచుకున్నాను. నాకు ఆ ధైర్యం ఇచ్చింది శ్రీవారి మెట్టు. తిరుపతిలో ఉద్యోగం చేస్తున్న ఈ పదేళ్లలో దాదాపు ప్రతి ఆదివారం శ్రీనివాస మంగాపురం వైపు నుంచి ఆ 2,388 మెట్లు ఎక్కుతూ వచ్చాను. ప్రయాణం ఖాయమయ్యాక ఎనిమిది కిలోల సంచి వీపున వేసుకుని కూడా గంటలోపే కొండ మీద ఉండేవాణ్ణి. మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టుకుంటూ వెళ్లే ఆడవాళ్లను తప్పించుకుంటూ, నిమిషానికోసారి గడియారం చూసుకుంటూ ఎక్కడం నా పద్ధతి. యాభై రెండేళ్ల వయసులో ఈ వేగం ఎంతమందికి ఉంటుందన్న గర్వం నాలో ఉండేది. తర్వాత పడిన అవస్థకంతటికీ మూలం అదే.

నాతో వచ్చింది మా బావమరిది. అతను పదకొండేళ్లుగా, కిలిమంజారో ఉన్న టాంజానియాలోనే, దార్ ఎస్ సలామ్‌లో పనిచేస్తున్నాడు. సముద్రపు ఒడ్డున కాపురం, కూర్చుని చేసే ఉద్యోగం, దానికి తగిన పొట్ట. ఈ ప్రయాణానికి అతను చేసిన ఏర్పాటల్లా ఒక జత బూట్లు కొని వాటిని నెల రోజులు ఆఫీసుకు తొడుక్కుని వెళ్లడమే. అయితే అతనికి స్వాహిలి ధారాళంగా వచ్చు. నడక మొదలయ్యే ఉంబ్వే గేటు దగ్గర కూలీల మూటలు తూకం వేస్తున్నప్పుడు, ఒక్కొక్కరి బరువు ఇరవై కిలోలు దాటకూడదన్న నియమం ప్రకారం సామాను అటూ ఇటూ సర్దుతున్నప్పుడు, అందరూ నన్ను ‘బాబు’ అని పిలుస్తుంటే మర్యాద తెలిసిన మనుషులని మురిసిపోయాను. స్వాహిలిలో ఆ మాటకు తాత అని అర్థమట. ఆ సంగతి బావమరిది నాకు రెండో రోజు సాయంత్రం దాకా చెప్పలేదు.

గేటు దాదాపు 1,600 మీటర్ల ఎత్తున ఉంటుంది. మొదటి రోజు నడక అంతా వాన అడవిలో సాగింది. ఉదయం కాసేపు జీపులు తిరిగే వెడల్పాటి బాట ఉంది, ఆ తర్వాత అది సన్నబడి చెట్ల వేళ్ల మీదుగా పైకి లేచింది. వేళ్లే మెట్లు, వేళ్లే పట్టుకోవడానికి ఆధారం. కొన్నిచోట్ల చేతులు కూడా వాడక తప్పలేదు. మా గైడు ఆ కొండ వాలుల్లోనే పుట్టి పెరిగిన చగ్గా తెగవాడు. అతను ముందు నడుస్తూ, ఒక అడుగు పూర్తిగా ఆనాకే రెండోది తీస్తూ, ‘పోలె పోలె’ అంటుండేవాడు, అంటే మెల్లమెల్లగా అని. ఆ నడక నాకు పెళ్లి ఊరేగింపులా తోచింది. ఆ రోజుకు అతని వెనకే నడిచి దాదాపు 2,900 మీటర్ల దగ్గరున్న గుడారాలకు చేరాను. చేతివేళ్లలో తిమ్మిరిగా ఉందన్న సాకుతో, ఎత్తు పడక వచ్చే జబ్బు రాకుండా డాక్టరు రాసిచ్చిన డయామాక్స్ మాత్రను ఆ రాత్రి వేసుకోలేదు. అలాంటి తిమ్మిరి ఆ మందు వాడేవాళ్లలో మామూలేనని ఆయన ముందే చెప్పి ఉన్నాడు.

రెండో రోజే నేను చేయకూడని పని చేశాను. గుడారాలు దాటాక అడవి పలచబడి, గడ్డంలా నాచు వేలాడే హీథర్ చెట్ల మధ్య దారి ఒక సన్నటి గట్టు మీదికి ఎక్కుతుంది. రెండు పక్కలా లోయలే గానీ మబ్బు నిండి ఉండటంతో లోతు తెలియదు. మబ్బు విడిపోయిన క్షణంలో ఎదురుగా కిలిమంజారో ప్రధాన శిఖరం కీబో, దాని మీద అక్కడక్కడా మిగిలిన మంచు అంత దగ్గరగా కనబడేసరికి కాళ్లలో ఉత్సాహం ఆగలేదు. గైడు బావమరిది కోసం నిలబడిన చోట, నేను సహాయక గైడును తోడు తీసుకుని ముందుకు వెళ్లిపోయాను. శ్రీవారి మెట్టు మీద చివరి వందల మెట్లు ఎలా ఎక్కుతానో అలాగే ఎక్కాను. బరాంకో శిబిరానికి వాళ్లకంటే గంటన్నర ముందు చేరి, రిజిస్టరులో పేరు, వయసు, వృత్తి రాసి సంతకం పెట్టి, మొద్దులాంటి కాండం మీద క్యాబేజీ పెట్టినట్టుండే సెనీషియో చెట్టు పక్కన ఫోటో కూడా తీయించుకున్నాను. ఆ శిబిరం ఎత్తు దాదాపు 3,950 మీటర్లు. రెండు రోజుల్లో 2,300 మీటర్లు పైకి వచ్చాం. ఉంబ్వే దారి చిక్కంతా ఇందులోనే ఉందని, కాళ్లు మోసినంత త్వరగా రక్తం ఆ ఎత్తుకు అలవాటు పడదని చీకటి పడ్డాక తెలిసింది.

తలనొప్పి కణతల దగ్గర మొదలై మెడ వెనక్కి పాకింది. రాత్రి భోజనానికి వంటవాడు తెచ్చిన సూప్ వాసనకే కడుపులో తిప్పి గుడారం బయట రెండుసార్లు వాంతి చేసుకున్నాను. గైడు నా వేలికి, రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటరు పెట్టి చూస్తే 76 అని వచ్చింది. పక్కనే ఆవలిస్తూ కూర్చున్న మా బావమరిదికి 87. గైడు నన్ను ఒక్క మాట కూడా అనలేదు, ఆ అంకెలను తన నోటుబుక్కులో రాసుకుని వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది. బావమరిది మాత్రం నా సంచిలోంచి మాత్రల పట్టీ వెతికి తీసి, లెక్కపెట్టి, “బావా, రెండు రోజులకు ఒక్కటి కూడా తక్కువ లేదే” అన్నాడు. “అక్కకు చెప్పను గానీ, నా ఎదుట వేసుకోండి.”

మరునాడు ఎత్తుకు అలవాటు పడటానికని మమ్మల్ని దాదాపు 4,600 మీటర్ల దగ్గరున్న లావా టవర్ అనే నల్లరాతి గుట్ట దాకా తీసుకెళ్లి, సాయంత్రానికి అదే శిబిరానికి దింపారు. పగలు ఎత్తుకు వెళ్లి రాత్రి కిందికి వచ్చి పడుకోవడం ఇందులో సూత్రం. ఈ రోజును మా ప్రయాణంలో చేర్చమని పట్టుబట్టింది బావమరిదే. డబ్బు దండగ అని వాదించింది నేను. ఆ రోజు నాకు లోపలికి దిగిన ఆహారం ఒక్కటే. పొద్దున వంటవాడు ఉజి అని పలచటి గంజి తెచ్చాడు. ఒక గుక్క తాగి కప్పులోకి చూశాను. చిరుధాన్యం పిండి కాచిన జావ. మా అమ్మ మట్టికుండలో కాచే రాగి అంబలికి కాస్త చక్కెర పడితే ఇలాగే ఉంటుంది. మిగతా రోజులన్నీ ఉదయం అదే అడిగి తాగాను. వాళ్ల ఉగాలి కూడా మొక్కజొన్న పిండితో చేసిన సంగటే. చిత్తూరు జిల్లావాడు టాంజానియాలో తిండికి ఇబ్బంది పడనవసరం లేదు.

నాలుగో రోజు బరాంకో గోడ ఎక్కాం. పేరు విని భయపడేవాళ్లు ఎక్కువ గానీ, దాదాపు 250 మీటర్ల ఆ రాతి గోడ తాళ్లు అక్కర్లేనిదే. ఊతకర్రలు మడిచి సంచిలో పెట్టి, చేతులతో రాయి పట్టుకుని ఎక్కాలి. ఒకచోట బాట జానెడుకు కుంచించుకుపోతే రొమ్ము రాతికి ఆనించి, దాన్ని కౌగిలించుకుని పక్కకు జరగాలి. ముఖం రాతికి తగులుతుంది కాబట్టి దానికి ముద్దు రాయి అని పేరు. నేను ఆ రాయిని పట్టుకుని వణుకుతుండగా, తల మీద గ్యాస్ సిలిండరు పెట్టుకున్న కూలీ కుర్రాడు నా వెనకగా, గాలి తప్ప మరేమీ లేని వైపు నుంచి దాటుకుని వెళ్లాడు. గోడ దాటాక కరంగా శిబిరం. స్వాహిలిలో కరంగా అంటే వేరుశనగ అని తెలిసి ఇద్దరం నవ్వుకున్నాం. ఈ దారిలో చివరి నీళ్లు అక్కడి లోయలోనివే. ఆ పైనున్న బరాఫు శిబిరానికి ప్రతి చుక్కా కూలీలు మోసుకెళ్లాల్సిందే.

బరాఫు 4,670 మీటర్ల చిల్లర. ఆ పేరుకు మంచుగడ్డ అని అర్థం. మధ్యాహ్నం చేరి, నిద్ర పట్టకపోయినా పడుకుని, రాత్రి పన్నెండింటికి బయల్దేరాం. నీళ్ల సీసాలను తలకిందులుగా పెట్టుకోమన్నారు, గడ్డకట్టడం పైనుంచి మొదలవుతుంది కాబట్టి మూత వైపు నీళ్లు తాగడానికి మిగులుతాయి. నా నీళ్ల సంచి గొట్టం మాత్రం మొదటి గంటలోనే బిగుసుకుపోయింది. ఈసారి గైడు నన్ను తన వెంటనే ఉంచుకున్నాడు. నా దీపం వెలుగులో అతని బూటు మడమ తప్ప మరేదీ కనబడని ఆరు గంటలవి. మడమ లేచేది, ఒక క్షణం ఆగేది, ముందరి అడుగుకు జానెడు దూరంలో దిగేది. నేనూ అక్కడే అడుగు వేసేవాణ్ణి. కాలి కింద గులకరాయి జారి వేసిన మూడు అడుగుల్లో ఒకటి వెనక్కి పోయేది. తల ఎత్తితే కొండ మీద మెలికలు తిరిగిన దీపాల వరుస నక్షత్రాల్లో కలిసినట్టు ఉండి, ఎక్కడ కొండ ముగిసి ఎక్కడ ఆకాశం మొదలయ్యిందో తెలిసేది కాదు. అందుకని తల ఎత్తడం మానేశాను. గోవింద నామం తలచుకుందామని మొదలుపెట్టి, రెండో నామం తర్వాత ఏమొస్తుందో గుర్తు రాక మళ్లీ మొదటికి వస్తూ ఉన్నాను. ఇది మంచి లక్షణం కాదని అప్పుడు నాకు తట్టలేదు.

ఈ కొండదే మరో శిఖరమైన మావెంజి వెనక ఎర్రటి గీత కనబడే వేళకు స్టెల్లా పాయింట్ దగ్గర కీబో అగ్నిపర్వత బిలం అంచుకు చేరాం. అక్కడ ఎత్తు 5,756 మీటర్లు. 1961లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడు స్వేచ్ఛ అన్న అర్థంతో ఉహురు అని పేరు పెట్టుకున్న అసలు శిఖరం 5,895 మీటర్లు. ఇంకా 139 మీటర్ల ఎత్తు, గంట నడక, అదీ పెద్దగా నిటారు కాని దారి. గైడు ఊతకర్రతో మంచు పొడి మీద ఒక గీత గీసి, మడమకు వేళ్లు ఆనించి దాని మీద నడవమన్నాడు. పదేళ్లుగా మెట్లెక్కుతున్న మనిషిని కదా అని నవ్వి నడిచాను. మూడో అడుగుకు ఎడమ పక్కకు ఒరిగాను. మళ్లీ నడవమన్నాడు. రెండో అడుగుకే ఒరిగాను. “మీ మెదడులో వాపు మొదలవుతున్నట్టుంది. మీరు ఇప్పుడే దిగుతారు” అన్నాడు. ఒక్క గంటే కదా అన్నాను, డబ్బు సంగతి ఎత్తాను, కాస్త గొంతు కూడా పెంచాను. అతను నా సంచి తీసి సహాయక గైడుకు తగిలించాడు. అతను చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని. నేను అరిచినదానికి, దిగే దారి చివరనున్న మ్వెకా గేటు దగ్గర క్షమాపణ చెప్పుకున్నాను కూడా.

బావమరిది ఒక బండ మీద కూర్చుని బిస్కెట్టు తింటున్నాడు. ఆ ఆరు గంటల్లో అతను ఒక్కసారి కూడా తొందరపడలేదు, ఒక్కసారి కూడా ఎక్కువసేపు ఆగలేదు. తనూ దిగుతానని లేచాడు. వద్దని పంపించాను. వెళ్తూ వెళ్తూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. దిగే ముందు అంచున ఉన్న రెబ్మాన్ హిమానీనదాన్ని ఒక్క నిమిషం చూడనిచ్చారు. 1912 నుంచి ఈ కొండ మీది మంచులో ఎనభై శాతానికి పైగా కరిగిపోయిందని చదివి ఉండటం వల్ల, అది ఒక పెద్ద ఇంట్లో మిగిలిపోయిన ఒకే ఒక్క గదిలా కనిపించింది.

దిగడం మొదలుపెట్టిన గంటకే తల తేలికపడింది. బరాఫు చేరేసరికి గోవింద నామాలు వరుస తప్పకుండా చెప్పగలుగుతున్నాను. మధ్యాహ్నానికి బావమరిది వచ్చి కలిశాక, దాదాపు 3,100 మీటర్ల దగ్గరున్న మ్వెకా శిబిరం దాకా అదే రోజు దిగాం. ఎక్కేటప్పుడు ఊపిరి చేసిన గొడవంతా దిగేటప్పుడు మోకాళ్లు చేశాయి. రెండు బొటనవేళ్ల గోళ్లు నల్లబడ్డాయి, ఇంటికి వచ్చిన నెలకు ఊడిపోయాయి. బూటు ముందు భాగంలో వేలెడు ఖాళీ ఉండాలన్న మాట దుకాణంలో విన్నప్పుడు పట్టించుకుని ఉండాల్సింది.

ఏడో రోజు మ్వెకా గేటు దగ్గర ధ్రువపత్రాలు ఇచ్చారు. అతనిదాంట్లో ఉహురు శిఖరం, 5,895 మీటర్లు. నాదాంట్లో స్టెల్లా పాయింట్, 5,756 మీటర్లు. పైన ఎలా ఉందని అడిగాను.

“ఏముంది బావా, ఒక చెక్క బోర్డు, దాని ముందు ఫోటోకు వరుస. మీరు చూసిన చోటే బాగుంది.”

ఫోటోలు చూపించమన్నాను. చలికి ఫోను బ్యాటరీ పూర్తిగా అయిపోయిందని, తీయడం కుదరలేదని, ఊరికి వెళ్లి చార్జింగు పెడితే గానీ తెరుచుకోదని చాలా వివరంగా చెప్పాడు. అతను ఇంకా చెబుతుండగానే చొక్కా జేబులో ఆ ఫోను మోగింది. మా ఆవిడ.