ఖాళీ గదుల్లో ఏసీ పట్టుకోబోయి నేనే దొరికిపోయా

పోయిన వారం మీటింగ్ మంట ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా. నాకిచ్చిన పని చిన్నదే, మా ఆఫీసులో మనుషుల్లేని జోన్లలో థర్మోస్టాట్ 28 డిగ్రీలకి వెళ్తోందా, 22 దగ్గరే ఉండిపోతోందా చూడటం. బిల్డింగ్ ఏసీలన్నీ నడిపే కంప్యూటర్ సిస్టమ్ బీఎంఎస్ నుంచి రెండు వారాల డేటా పావుగంటకో రీడింగ్ చొప్పున తీసుకున్నా, ఒక పూటలో అయిపోయింది. సెన్సార్ ఎవరూ లేరు అన్నప్పుడు సెట్‌పాయింట్, అంటే ఏసీకి పెట్టిన టెంపరేచర్, 24 కంటే తక్కువుంటే ఎరుపు, అంతే నా ఫార్ములా.

లిస్టులో ఫస్ట్ వచ్చింది అకౌంట్స్ రూమ్. మధ్యాహ్నం 3 గంటలకి ఖాళీ, 22 డిగ్రీలు. స్క్రీన్ మీద వేసి "చూడండి ఎంత వేస్టో" అన్నా గొప్పగా. వెనక నుంచి ఒక మేడం "బాబూ, ఆ టైమ్‌కి రోజూ అక్కడ కూర్చునేది నేనే, నేను మనిషిలా కనపడట్లేదా?" అంది. అందరూ ఒకటే నవ్వు, మా మేనేజర్ అయితే కళ్లజోడు తీసి మరీ తుడుచుకున్నాడు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

వెళ్లి చూస్తే సెన్సార్‌కీ ఆవిడ కుర్చీకీ మధ్య బీరువా. అసలు ఈ పీఐఆర్ రకం సెన్సార్‌కి తెలిసేది కదలికే, కదలకుండా పని చేసుకునేవాళ్లు దాని లెక్కలో లేనట్టే. దాన్ని బిగించినాయన ఒక్కసారి ఆ కుర్చీలో కూర్చుని చూసుంటే నా పరువు దక్కేది. తర్వాత మనం ఊపిరితో వదిలే సీఓ2 రీడింగ్ కలిపా. బయటి గాలిలో 420 పీపీఎం దాకా ఉంటుంది, ఆ గదిలో 3 గంటలకి 850, అంటే మనుషులున్నట్టే! మనుషులు వెళ్లిపోయినా అది వెంటనే దిగదు కాబట్టి గంట ఆగి చూడాలి. గదులకి చల్లగాలి పంపే ఏహెచ్‌యూ ఆగిపోయిన టైములూ తీసేశా, గాలే రానప్పుడు సెట్‌పాయింట్ ఎంతుంటే ఏంటి. సగం ఎరుపు పోయింది.

మిగిలినవాటిలో కాన్ఫరెన్స్ రూమ్ రాత్రంతా 19. ఆపరేటర్‌ని అడిగితే "షెడ్యూల్ కరెక్టే సార్, మా తప్పేం లేదు" అని ఒకటే పాట. రెండు రోజులు బుర్ర బద్దలుకొట్టుకుని ఎవరి మాట ముందు చెల్లాలో చెప్పే ప్రయారిటీ లిస్ట్ తెరిస్తే, ఎవరో ఎప్పుడో చేత్తో 19 పెట్టి 8వ లెవెల్లో వదిలేశారు. షెడ్యూల్ రాసేది 16లో, ఈ కంట్రోలర్లు మాట్లాడుకునే బ్యాక్‌నెట్‌లో చిన్న నంబర్‌దే పైచేయి, పాపం షెడ్యూల్ రోజూ 28 అంటూనే ఉంది, వినేదెవరు. ఆ 8ని రిలీజ్ చేశా, ఆ రాత్రే 28కి వెళ్లింది. "అలా కూడా ఉంటుందా సార్" అన్నాడు మనవాడు.

ఇలాంటివే ఇంకో నాలుగు జోన్లున్నాయి, రేపు చూడాలి. అకౌంట్స్ మేడం మాత్రం ఎదురుపడినప్పుడల్లా చెయ్యూపి "ఉన్నాను బాబూ" అంటోంది.