అవ్వకు పుట్టినరోజు ఎప్పుడొస్తుంది?

సెప్టెంబర్ 12 మా అమ్మ పుట్టినరోజు. ఫోన్ కాలెండర్‌లో ‘రోజంతా’ అని పెట్టుకున్నాను. ఇక్కడ డాలస్‌లో పొద్దున 9కి గుర్తుచేసింది. అప్పటికి కావలిలో రాత్రి ఏడున్నర. పాప బడి నుంచి వచ్చేసరికి అక్కడ అర్ధరాత్రి దాటిపోయింది. మేం ఫోన్ చేసింది మా లెక్కకు 12 రాత్రే, అవ్వ లెక్కకు 13 పొద్దున.

"నిన్నంతా ఫోను పక్కనే పెట్టుకోనున్నా మా" అనింది అమ్మ. గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది.

‘రోజంతా’ అని పెట్టినదానికి గడియారం ఉండదు, తేదీ ఒక్కటే ఉంటుంది. ఏ దేశంలో తెరిస్తే ఆ దేశపు 12నే కనిపిస్తుంది. అందుకే అది గంటల గళ్ళలోకి దిగదు, పైనున్న పట్టీలో ఉండిపోతుంది. పిల్లలేమో ఆ పట్టీ వంక చూడరు. ఈతకు 5 గంటలకు, లెక్కల క్లాసుకు 6కి పోవాలి గనక, గంట రాయని పని పనే కాదనుకుంటారు.

మార్చిలో ఇంకా కష్టం. మా నాయన తద్దినం ఫాల్గుణ బహుళ విదియ. ఇక్కడి వసంతకాలపు సెలవులూ అప్పుడే. వారం పొడుగునా సాగే సెలవుల గీత మా కాలెండర్‌లో పైకెక్కి కూర్చుంటుంది, దాని కింద క్యాంపు, ఆ కింద ఎవరిదో పుట్టినరోజు. చోటు చాలక తాత తద్దినం ‘మరో 2’ అనే మాట వెనక్కి పోయింది. తిథి ఏటా తేదీ మారుతుంది కాబట్టి ‘ప్రతి ఏడూ’ అని పెట్టి వదిలేయడానికీ లేదు. అమ్మ పంచాంగం చూసి చెప్పాలి, ఇక్కడ ఆ తిథి ఏ తేదీన పడుతుందో నేను చూసుకోవాలి.

2025 సంక్రాంతికి పండగలన్నీ ఫైల్లో రాసి ఎక్కించాను. జనవరి 13 నుంచి 15 అని రాస్తే భోగి, సంక్రాంతి వచ్చాయి, కనుమ రాలేదు. కాలెండర్ ఫైళ్ళకు 2009 నుంచి ఉన్న ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 5545. దాని ప్రకారం ముగింపు తేదీ లెక్కలోకి రాదు, 16 అని రాయాలి. "కనుమ క్యాన్సిల్ అయిందా అమ్మా?" అని పాప నిజంగానే అడిగింది.

ఇప్పుడు అవ్వ పుట్టినరోజును పట్టీలోంచి దించాను. 12 పొద్దున 7 గంటలు, భారత కాలమానం అని పెట్టాను. ఇక్కడ అది 11 రాత్రి ఎనిమిదిన్నర గడిలోకి వచ్చింది. పాప అన్నం తింటూ చూసి, చెయ్యి కడుక్కుని తనే ఫోన్ చేసింది.

"ఇంకా కాపీ కూడా తాగలేదు, నీదే మొదటి ఫోను తల్లీ" అనింది అవ్వ.