మెన్‌లవ్ అవెన్యూ గుమ్మంలో

బయటి తలుపుకీ లోపలి తలుపుకీ మధ్య ఇద్దరు నిలబడితే నిండిపోయే చోటు. చుట్టూ గాజు పలకలు. మా వాడు ఒక్క చప్పట్టు కొట్టాడు. ఆ చప్పుడు గాజుకి తగిలి గుండ్రంగా తిరిగొచ్చింది. "నాన్నా, అందుకేనా ఇక్కడ పాడుకునేవాళ్లు?" అన్నాడు.

లివర్‌పూల్‌లో 251 మెన్‌లవ్ అవెన్యూ, 'మెండిప్స్' అనే ఇల్లు అది. బీటిల్స్ బ్యాండులోని జాన్ లెనన్ కుర్రతనంలో గిటారు పడితే మిమీ అతన్ని ఈ పోర్చిలోకి తరిమేసేది. ఆమె జాన్ తల్లి జూలియాకి అక్క, మన వరసలో పెద్దమ్మ. అయిదేళ్లప్పుడు ఆమె దగ్గరికి చేరిన జాన్ 1963 దాకా ఇక్కడే పెరిగాడు. గిటారు సరదాకి బాగానే ఉంటుంది గానీ దాంతో పొట్ట గడవదని ఆమె అంటూండేదట. ఈ మాట వినని ఇల్లు మన ఊళ్లలో మాత్రం ఎక్కడుంది?

మేముండేది మాంచెస్టర్‌లో. గిటారు నేర్చుకుంటున్న పదిహేనేళ్ల మా అబ్బాయి ఏడాదిగా అడుగుతూంటే మొన్న శనివారం పొద్దున్నే రైలెక్కాం. జాన్, అదే బ్యాండులోని పాల్ మకార్ట్నీల ఇళ్లు రెండూ ఇప్పుడు పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్‌వి. మెండిప్స్‌ని 2002లో జాన్ భార్య యోకో ఓనో కొని వాళ్లకిచ్చారు. ముందుగా టికెట్టు తీసుకుంటే మినీ బస్సులో తీసుకెళ్లి చూపిస్తారు. లోపల ఫొటోలు తియ్యనివ్వరు. అదే మంచిదయింది, చేతిలో ఫోను లేకపోయేసరికి గోడలు చూశాం.

గోడలంటే గుర్తొచ్చేది 20 ఫోర్త్‌లిన్ రోడ్డు. మునిసిపాలిటీ కట్టించి అద్దెకిచ్చిన వరస ఇళ్లలో ఒకటి. పాల్ కుటుంబం 1955లో వచ్చింది. ముందుగదిలో ఒక గోడకి ఒక కాగితం, పక్క గోడకి ఇంకోటి, ఆ పక్కన మరోటి. చుట్ట చివర మిగిలిపోయిన ముక్కలు చవగ్గా వస్తాయని కొనేవాళ్లట. అప్పుడెలా ఉండేదో అలాగే మళ్లీ అతికించారు. నేను ఎక్కువసేపు నిలబడిపోయింది ఆ గోడల ముందే.

పాల్ తల్లి మేరీ నర్సు, పురుళ్లు పోసేది. ఈ ఇంట్లో చేరిన ఏడాదికే, 1956 అక్టోబరు 31న, రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. పాల్‌కి 14 ఏళ్లు. తండ్రి జిమ్ పత్తి వ్యాపారంలో ఉద్యోగి, ఒకప్పుడు సొంత జాజ్ బ్యాండు నడిపినవాడు. ఇద్దరు మగపిల్లలకి వండిపెట్టి, పియానో వాయించి పెంచాడు. తండ్రి కొనిచ్చిన ట్రంపెట్‌ని ఇచ్చేసి పాల్ గిటారు తెచ్చుకున్నాడు. ట్రంపెట్ నోట్లో ఉంటే పాడలేం కదా.

1957 జులై 6న వుల్టన్ చర్చి తిరునాళ్లలో జాన్‌కీ పాల్‌కీ పరిచయమైంది. ఏడాది తిరిగి 1958 జులై 15న జాన్ తల్లి జూలియా, తన అక్క మిమీని చూసి ఇంటికెళ్తూ మెన్‌లవ్ అవెన్యూ దాటుతుంటే కారు గుద్దింది. అక్కడికక్కడే ప్రాణం పోయింది. జాన్‌కి 17 ఏళ్లు. అతనికి మొదట బాంజో తీగల మీద వేళ్లు పెట్టించింది ఆవిడే.

తల్లులు లేని ఈ ఇద్దరూ ఫోర్త్‌లిన్ రోడ్డు ముందుగదిలో ఎదురెదురుగా కూర్చునేవాళ్లు. జాన్‌ది కుడి చేతివాటం, పాల్‌ది ఎడమ. అద్దంలో చూసుకున్నట్టు ఒకరి వేళ్లు ఒకరికి కనిపించేవి. కింద స్కూలు నోటుపుస్తకం, అందులో పాట. పాల్ తమ్ముడు మైక్ తీసిన ఆ నలుపు తెలుపు ఫొటో అదే గదిలో ఉంది. మా వాడు దాన్ని చూస్తూ ఎడమచెయ్యి గాల్లో పెట్టి వేళ్లు మడిచి, విప్పి, మళ్లీ మడిచాడు. బీటిల్స్ అంటే నాకు ఇన్నాళ్లూ స్టేడియాల్లో కేకలే. ఇక్కడ మాత్రం దుఃఖంలో ఉన్న ఇద్దరు కుర్రాళ్లకి దొరికిన పనిలా అనిపించింది.

బ్యాండులో మిగతా ఇద్దరి ఇళ్లూ పొద్దున బయట్నుంచే చూశాం. జార్జ్ హారిసన్ పుట్టిన 12 ఆర్నల్డ్ గ్రోవ్ కింద రెండు, పైన రెండు గదుల కొంప. మరుగుదొడ్డి పెరట్లో ఉండేది, చలికి ఒక్క బొగ్గుల పొయ్యే. రింగో స్టార్ పుట్టింది డింగిల్ పేటలోని 9 మాడ్రిన్ స్ట్రీట్‌లో. పదమూడో ఏట క్షయ సోకి దాదాపు రెండేళ్లు శానటోరియంలో, అంటే క్షయ ఆసుపత్రిలో, ఉన్నాడు. అక్కడే పిల్లల బ్యాండులో డ్రమ్ము మోత మొదలైంది. మంచం మీదున్న పిల్లాడి చేతిలో డ్రమ్ము కర్ర పెట్టినవాళ్లకి దణ్ణం పెట్టాలనిపించింది.

టూరు అయ్యాక మళ్లీ ఫోర్త్‌లిన్ రోడ్డుకి వచ్చి, అక్కణ్నుంచి మెండిప్స్ వైపు నడిచాం. మధ్యలో గోల్ఫ్ మైదానం. గిటార్లు భుజాన వేసుకుని వాళ్లు అడ్డంపడి వెళ్లిన దారే ఇది. మా వాడు ఏదో కూనిరాగం తీస్తూ రెండడుగులు ముందు నడుస్తున్నాడు.

మైదానం దాటితే మెన్‌లవ్ అవెన్యూ. అటు రెండు వరసలు, ఇటు రెండు వరసలు, ఆగకుండా కార్లు. పదిహేనేళ్లవాడు ఊరుకోడని తెలిసీ చెయ్యి పట్టుకున్నాను. వాడు విదిలించుకోలేదు. అలాగే రోడ్డు దాటాం.