ఈత కల్లు వెనిగర్: జాడీ నుంచి సీసాలకు

చలికాలంలో ఈత కల్లుతో మొదలుపెట్టిన వెనిగర్ ఈ వారం సీసాల్లోకి చేరింది. ఆమ్లం 4 శాతం దాటింది. వంటకు అది చాలు, రుచి మాత్రం ఇంకా కుదరాలి.

ముందు కల్లు సంగతి. దుకాణాల్లో అమ్మే కల్లులో క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం వంటి మత్తుమందులు కలిపిన కేసులు మన జిల్లాలకు కొత్త కావు. పులిసి వెనిగర్ అయినంత మాత్రాన ఆ మందులు పోతాయని నమ్మడానికి లేదు. అందుకే ధర్మసాగర్ వైపు తెలిసిన గౌడన్న చెట్టు దిగేదాకా కిందే నిలబడి, లొట్టిలోంచి (కల్లు దింపే కుండలోంచి) నేరుగా నా గాజు సీసాల్లోకి 4 లీటర్లు పోయించుకున్నాను. "సున్నం రాయని లొట్టి కట్టన్నా" అని ముందురోజే అడిగాను. నీరా (పులియని తీపి కల్లు) కోసమైతే లొట్టి లోపల సున్నం పూస్తారు. అది పులియడాన్ని అడ్డుకుంటుంది, తర్వాత పుట్టే ఆమ్లాన్ని కూడా విరిచేస్తుంది.

ఇంట్లో వడగట్టి, మూత వదులుగా పెట్టి, నురగ పూర్తిగా అణిగేదాకా కదపలేదు. కల్లులో ఆల్కహాల్ మామూలుగా 4 నుంచి 6 శాతం ఉంటుంది. 1 శాతం ఆల్కహాల్ నుంచి మహా అయితే 1 శాతం ఆమ్లం వస్తుంది కాబట్టి నీళ్లు కలిపిన కల్లుతో ఎంత ఓపిక పట్టినా చిక్కటి పులుపు రాదు. మడ్డి దిగాక పైన తేరిన 3 లీటర్లను వెడల్పు మూతి గాజు జాడీలోకి వంచాను. మిత్రుడు కేరళ నుంచి తెచ్చిన, వేడిచేయని కొబ్బరికల్లు వెనిగర్ ఒక లీటరు తోడు వేశాను. ఇనుము, రాగి, అల్యూమినియం పాత్రలు పనికిరావు. పాత పింగాణీ జాడీలు కూడా వద్దంటాను. వాటి పూతలో సీసం ఉండవచ్చు, ఆమ్లం దాన్ని కరిగిస్తుంది.

జాడీ నిండా పోయకూడదు. ఆల్కహాల్‌ను ఆమ్లంగా మార్చే బాక్టీరియాకు గాలి కావాలి. మూతికి రెండు మడతల పల్చటి బట్ట కట్టాను, లేకపోతే చిన్న ఈగలు చేరతాయి. కొన్నాళ్లకు పైన బూడిదరంగు పొర కట్టింది. మొదట పాలమీగడలా పల్చగా ఉండి, తర్వాత అంచులు గాజును పట్టుకుని బిగుసుకుంది. టార్చి వేసి పక్కనుంచి చూస్తే దాని కింద నూలుపోగుల్లాంటి తీగలు వేలాడుతూ కనిపించాయి. ఎంతసేపైనా చూడాలనిపించే దృశ్యమది. ఆ దశలో జాడీని కదిపితే పొర మునిగిపోతుంది, మళ్లీ కొత్తది కట్టాలి. అందుకే నమూనా కూడా సిరంజికి సన్నటి గొట్టం తగిలించి పొర కిందనుంచే తీశాను.

పులుపును నాలుకతో అంచనా వేయడం నాకు నచ్చదు. హనుమకొండలో కళాశాలలకు ప్రయోగశాల సామగ్రి అమ్మే దుకాణంలో 0.5 నార్మల్ గాఢత ఉన్న సోడియం హైడ్రాక్సైడ్ అనే క్షార ద్రావణం, ఆమ్లం విరిగిపోగానే రంగు చూపించే ఫినాఫ్తలీన్ దొరికాయి. 5 మి.లీ. వెనిగర్‌లో రెండు చుక్కల ఫినాఫ్తలీన్ వేసి, గులాబీరంగు నిలిచేదాకా ఆ క్షార ద్రావణాన్ని చుక్కచుక్కగా కలపాలి. పట్టిన ప్రతి మి.లీ.కు 0.6 శాతం ఆమ్లం. చేతులకు తొడుగులు తప్పనిసరి. సంక్రాంతి తర్వాత 3.5 మి.లీ. పట్టింది, అంటే 2.1 శాతం. అప్పుడు గోళ్లరంగు వాసన ఘాటుగా ఉండేది. అది ఇథైల్ అసిటేట్. ఆల్కహాల్ ఇంకా మిగిలి ఉందని గుర్తు. శివరాత్రి దాటాక 6.8 మి.లీ. పట్టింది, వారం తర్వాతా అంతే.

రెండు కొలతలు ఒకటే వచ్చాయంటే ఇక గాలి ఆపాలి. ఆల్కహాల్ అయిపోయాక ఈ బాక్టీరియా తాము చేసిన ఆమ్లాన్నే నీరుగా, బొగ్గుపులుసు వాయువుగా మార్చేస్తుంది. పొర తీసి, వడగట్టి, సీసాలను మెడదాకా నింపి బిగించాను. వరంగల్ ఎండలు 40 డిగ్రీలు దాటేలోపే సీసాలన్నీ మెట్ల కింద చీకటి గదిలోకి చేరాయి.

ఇప్పటి రుచి: ముక్కుకు ఘాటు, నాలుకకు గరుకు, చివర్లో ఈతపండు ఛాయ. ఆ ఛాయ నిలిచి ఘాటు తగ్గాలంటే కనీసం వానాకాలం మధ్యదాకా ఆగాలి. ఒక చిన్న సీసా మాత్రం ఉల్లిపాయ ముక్కలు నానబెట్టడానికి బయట ఉంచాను. తీసిన పొరను కొంచెం వెనిగర్‌లోనే మునిగేలా దాచాను. తాటికల్లు దొరకగానే రెండో జాడీకి అదే తోడు.